కంప్యూటరు చూసిన పుండు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో రాజమండ్రిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. అది చాలక పరిశోధన పిచ్చి పట్టింది. నోటి కణాల ఫోటోలు చూపిస్తే ఏది క్యాన్సరో, ఏది కాదో కంప్యూటరే చెప్పేలా దానికి నేర్పాలి. మా వీధిలో ల్యాబు నడిపే డాక్టరమ్మగారు తన స్లైడ్లన్నీ ఇచ్చారు. రెండేళ్లు వాటి ఫోటోలు తీసి కంప్యూటర్‌కి మేపాను. కరెంటు పోయిన ప్రతిసారీ అది నేర్చుకున్నదంతా మరిచిపోయేది, నేను మళ్లీ మొదటికొచ్చేవాణ్ణి. చివరికి ఒక్క తప్పూ లేకుండా చెప్పడం మొదలెట్టింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు సరికదా, కాలరెగరేసుకుని తిరిగాను.

మాకు చేపలమ్మే ఆమెకు అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. అంగిట్లో పుండు మానడం లేదంటే నేనే డాక్టరమ్మగారి దగ్గరికి పంపాను. ఆవిడ పుండు గీకి స్లైడు చేయించి, అది చూడకుండానే చెల్లెలింట్లో పెళ్లికని ఊరెళ్లారు. నేను ఆగొచ్చు కదా? ఫోటో తీసి కంప్యూటర్‌కి చూపించాను. మంచిదే అంది. ఆ మాట వీధిలోనే ఆమెకు చెప్పేశాను. నా తొందర తగలెయ్య!

పదిహేను రోజులకి తిరిగొచ్చిన డాక్టరమ్మగారు మైక్రోస్కోపులో చూసి నా మీద విరుచుకుపడ్డారు.

"ఏవయ్యా, ఇది మంచిదేంటి? క్యాన్సరు! కళ్లున్నాయా నీకు? రేపే తీసుకురా ఆవిణ్ణి."

ఫోటోలన్నీ మళ్లీ ముందేసుకుంటే గానీ తెలియలేదు. జబ్బు స్లైడ్లన్నీ వరదల రోజులవి. గోదారి పోటెత్తి వేట ఆగినప్పుడే జాలరుల ఆడవాళ్లకి ల్యాబుకొచ్చే తీరిక దొరికేది. రంగు వేశాక స్లైడ్లని కుళాయి నీళ్లతో కడుగుతారు. వరదల్లో ఆ నీళ్ల తేడాకి రంగు గోధుమగా దిగేది. మంచి స్లైడ్లేమో చలికాలంలో నర్సింగ్ చదివే అమ్మాయిలవి, నీలంగా నిగనిగలాడేవి. రెండేళ్లు కళ్లు కాయలు కాసేలా కూర్చుని నేను దానికి నేర్పింది వరద నీళ్లని గుర్తుపట్టడం! చేపలామె స్లైడు చలికాలంలో తీసింది, అదీ నీలమే.

మర్నాడు ఆమె వస్తే విషయం చెప్పాను. వింటేనా!

"డాక్టరమ్మగారు మనిషండి, పొరపాటు పడతారు. కంప్యూటరు పడదు కదండీ."

"అది వట్టి మొద్దమ్మా. నీ పుండు చూళ్లేదది, స్లైడు కడిగిన నీళ్లు చూసింది."

"మరి మీరు చూశారాండి?"

వందల ఫోటోలు తీశాను, ఒక్క మనిషి నోరూ చూడలేదు. సిగ్గేసింది. ఆమె గంప దించి, ఎండకి ఎదురుగా తిరిగి నోరు తెరిచింది. అంగిలి మధ్య పుండు, అంచులు గట్టిపడి, రూపాయి బిళ్లంత ఉంది. ఆమె నా మొహంలోకి చూసి మెల్లగా నోరు మూసుకుంది. గంప మా అరుగు మీద పెట్టి, చీర కొంగు నడుముకి బిగించింది.

"పదండి బాబుగారూ," అంది.