రెయిలింగ్ మీద మా అమ్మాయి

ఆషాఢం వస్తే నా కెమెరాకు పని ఉండదు. మెల్‌బోర్న్‌లో తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళు, ఓణీ ఫంక్షన్లు తీయడం నా వృత్తి. ముహూర్తాలు లేని ఆ నెలలోనే ఇక్కడ కొండల మీద మంచు పడుతుంది. "నీకు ఎట్లాగూ ఫ్రీనే కదా అమ్మా" అంటూ మా అమ్మాయి నన్ను కారెక్కించింది. ఫ్రీ అన్న మాట నాకు నచ్చలేదు. అయినా వెళ్ళాను.

తను యూనివర్సిటీలో రెండో సంవత్సరం. కాళ్ళకు బిగించుకుని మంచు మీద జారే స్నోబోర్డు అంటే పిచ్చి. అదీ అందరిలా కొండవాలు మీద జారడం కాదు. స్కీ ఊళ్ళో మెట్ల పక్కనుండే ఇనుప రెయిలింగ్ మీదికి బోర్డుతో సహా ఎగరాలి, చివరిదాకా జారాలి, కింద మంచులో దిగి నిలబడాలి. ఆడపిల్లల స్నోబోర్డింగ్ మీద వచ్చే ఒక చిన్న పత్రికవాళ్ళు తనను ఒక్క ఫొటో పంపమన్నారు. ఆదివారమే ఆఖరు. శనివారం తుపానుకు కొండ రోడ్డు మూసేశారు కాబట్టి మాకు మిగిలింది ఆ ఒక్క రోజే.

ఆ రోజూ వాన, మంచు కలిసి అడ్డంగా కొడుతున్నాయి. గాలికి కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్టులు ఆపేశారు. స్కీ చేయడానికి వచ్చినవాళ్ళంతా కేఫుల్లో కూర్చుని అద్దాల్లోంచి మమ్మల్ని వింతగా చూస్తున్నారు. మాకంటే ముందే కెమెరాలతో వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు సామాను సర్దుకుంటున్నారు. లైట్ లేదు, ఈరోజు ఏదీ రాదు, ఇంటికి వెళ్ళిపొమ్మని అందులో ఒకడు మర్యాదగానే చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. చీకటి హాళ్ళలో, రంగురంగుల లైట్ల కింద, పదిమంది నా భుజం మీదుగా ఫోన్లు చాపుతుంటే ఫొటోలు తీసినదాన్ని. నాకు వెలుతురు గురించి చెప్తున్నాడు!

మెట్లు ఒక లాడ్జివి. లాడ్జి ఆవిడ ముందే సరేనంది. పారలతో మంచు ఎత్తి, పైన పరుగుకు దారి వేశాం, కింద దిగడానికి గుట్ట పోశాం. వాన దాన్ని కరిగిస్తూనే ఉంది, మేము పోస్తూనే ఉన్నాం. నా నడుము పట్టేసింది. అదే సమయానికి మా ఆయన ఫోన్.

"ఏందే, పిల్ల కాలిరగ్గొట్టుకుంటే ఏం జేస్తవ్? ఒక్క ఫొటో లేకుంటే కొంపలేం మునగయ్ గదా. ఇంటికి రాండ్రి."

"మునుగుతయ్. పెట్టేయ్" అన్నాను.

మొదట తీసిన ఫొటోలన్నింట్లో తెల్లటి మచ్చలే. అప్పుడు తలంబ్రాలు గుర్తొచ్చాయి. ఫ్లాష్ కెమెరా మీదే ఉంటే బియ్యపు గింజలు తెల్లగా మెరిసి పెళ్ళికూతురి ముఖాన్ని మింగేస్తాయి. అందుకే ఫ్లాష్‌ను దూరంగా పక్కన పెడతాను. ఇక్కడా అదే చేశాను, మెట్ల అవతల స్తంభానికి కట్టాను.

ఈసారి మా అమ్మాయి ఎగిరింది. సగం దూరం జారగానే బోర్డు పట్టు తప్పి, భుజం మీద పడింది. నా ప్రాణం పోయినంత పనైంది. పరుగెత్తాను. లేచి కూర్చుని నవ్వింది. తర్వాత కెమెరాలో చూసుకున్నాను. రెయిలింగ్ మీద రెండు చేతులూ చాచి తను, వెనక మెరుస్తున్న ఒక్కొక్క చినుకూ. నా జన్మలో అంత మంచి ఫొటో తీయలేదు.

"అయిపాయె బిడ్డా. పా, పోదాం."

తను కెమెరా అందుకుని చూసింది. "సూపర్ ఉంది అమ్మా. బట్ ఐ డిడ్న్ట్ ల్యాండ్ ఇట్."

వాళ్ళ పద్ధతి అది. కింద దిగి నిలబడితేనే ఫొటో లెక్క. పడిపోయినప్పటి ఫొటో ఎంత బాగున్నా చూపించుకోరు.

"పడ్డవని ఎవరికి తెలుస్తది? ఫొటోల రెయిలింగ్ మీదనే ఉన్నవ్ గదా!"

"ఐ నో, అమ్మా. నాకు తెలుసు."

పెళ్ళిలో ఎవరో అడ్డొచ్చి మంగళసూత్రం కట్టడం ఫొటోలో సరిగ్గా పడకపోతే, "ఇంకోసారి కట్టినట్టు పట్టుకో బాబూ" అంటాను. పెళ్ళికొడుకు పట్టుకుంటాడు. ఆల్బంలో ఉండేది అదే. అందులో తప్పేముందని నేను ఏనాడూ అనుకోలేదు.

"అంటే నేను తీసేటియన్నీ అబద్ధాలేనా?" అని అరిచాను.

తను భుజం రుద్దుకుంటూ, బోర్డు చంకలో పెట్టుకుని మళ్ళీ మెట్లెక్కింది. కోపమొచ్చింది, భయమేసింది, వీటన్నింటికీ మించి ఎవరి మాటా వినని ఆ పిల్లను చూసి గర్వంగా అనిపించింది. పార తీసుకుని మళ్ళీ మంచు పోశాను.

తర్వాత ఎన్నిసార్లు పడిందో చెప్పలేను. చలికి ఫ్లాష్ బ్యాటరీ చచ్చిపోయింది. లెన్సు తుడిచేలోపే తడిసేది. కేఫులో వాళ్ళు కప్పులు వదిలేసి అద్దం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. వెలుతురు పోతుండగా మా అమ్మాయి ఎగిరింది, చివరిదాకా జారింది, మోకాళ్ళు వంచి దిగింది. నిలబడింది! ఇద్దరం కొండ దద్దరిల్లేలా అరిచాం.

ఆ ఫొటో చూస్తే ఏడుపొస్తుంది. అంతా బూడిదరంగు, గీతలు గీతలుగా మంచు, మధ్యలో నల్లటి ఆకారం. ముఖం కనిపించదు. తను ఆ రాత్రి పంపింది అదే. పత్రికవాళ్ళు లోపలి పేజీలో చిన్నగా వేశారు.

నేను మాత్రం దాన్ని పెద్దగా ప్రింటు తీయించి, క్రాన్‌బర్న్‌లో మా ఇంటి ముందుగదిలో, గిరాకీలకు ఆల్బమ్‌లు చూపించే చోట తగిలించాను. అది చూస్తే ఉన్న గిరాకీ కూడా పోతుందని మా ఆయన గోల. పోతే పోనీ అన్నాను.

మొన్న కూతురి పెళ్ళి ఫొటోలు మాట్లాడుకోవడానికి వచ్చిన ఒకావిడ దాని ముందు ఆగిపోయింది.

"ఇదేంటండీ, ఇంత మసగ్గా ఉంది? ఇంతకన్నా మంచిది లేదా మీ దగ్గర?"

"ఉందండీ, చాలా మంచిది ఉంది" అన్నాను. "అందులో మా అమ్మాయి పడిపోయింది."