తలకిందుల బొమ్మ

దోహాలోని అల్ హిలాల్ పేటలో మా పై వాటాలో కాకినాడ ఇంజనీరు గారొకరు ఉండేవారు. తొంభైల్లో అక్కడ మనవాళ్ళంతా బంగారం కొనుక్కుంటుంటే, ఈయన అరబ్బు దేశాల పాత చిత్రప్రదర్శనల కేటలాగులు కొనేవారు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక బాగ్దాదులో నాలుగు రోజులు నడిచిన ప్రదర్శన తాలూకు పల్చటి పుస్తకం ఒకటి వాళ్ళింట్లో అడుగుపెట్టింది. ఇంకో కాపీ భూమ్మీద లేదని ఆయన నమ్మకం. దాని ఛాయలకు వెళితే చాలు, "మెల్లగా అండీ, మెల్లగా!" అనేవారు. నేను ఎదురు సోఫాలో ఊపిరి పీల్చినా అదే మాట.

ఒక శుక్రవారం ఆయన నాతోపాటు ఓ ఇరాకీ డ్రాయింగు మాస్టారిని భోజనానికి పిలిచారు. ఆ పెద్దాయన కుర్రతనంలో వేసిన బొమ్మ ఆ కేటలాగులో ఉంది. అసలు బొమ్మ ఏమైందో ఆయనకే తెలీదు. మాస్టారు పేజీ చూసి, దోహాలో నేర్చిన హిందీలో గావుకేక పెట్టారు.

"ఉల్టా! నా బొమ్మని తలకిందులుగా అచ్చేశారు! పై వైపు ఎటో బాణం గుర్తు పెడతాను."

జేబులోంచి బాల్‌పెన్ను తీశారు. ఇంజనీరు గారికి ఏసీ గదిలో ఆగస్టు ఎండంత చెమట పట్టింది. నా గుండె కింది వాటాలోకి జారిపోయింది.

"ఏమండీ, ఆపండి ఆయన్ని!" అని ఇంజనీరు గారి భార్య తెలుగులో కేకేసింది.

ఇంజనీరు గారు చెయ్యి చాచారు. లాక్కుంటారనుకున్నాం. పేజీ కదలకుండా నొక్కిపట్టుకుని అన్నారు: "కొంచెం పెద్ద బాణం వెయ్యండి మాస్టారూ. ఇన్నాళ్ళూ నేనూ తలకిందులుగానే చూశాను."