నేను ఆపించిన ఏరేటర్లు

ఆ రోజుల్లో, నాకు తెలియనిది ఏదైనా ఉంటే అది పుస్తకంలో లేనిదే అయ్యుంటుందని గట్టిగా నమ్మేవాణ్ణి. పశువుల డాక్టరు చదువు పూర్తయి నెల కాలేదు. మెడలో కొత్త స్టెతస్కోపుతోనే తాడేపల్లిగూడెంలో బస్సెక్కి, ఏలూరులో మారి, కొల్లేటి పక్కన మావయ్య చేపల చెరువుకి వెళ్ళాను. (బస్సులో ఎవరికైనా అవసరం పడుతుందేమోనని. ఒక పెద్దావిడ బీపీ చూడమన్నారు.)

గట్టు మీది షెడ్డులో నాలుగు కుక్కపిల్లలు. మూడు నా చెప్పుల మీద పడ్డాయి. నాలుగోది పది అడుగులు వేసి కూలబడి ఒగర్చింది. "ఎన్ని పాలు పట్టినా ఒళ్ళు పట్టట్లేదురా. బతుకుతుందంటావా?" అంది అత్తయ్య, దాన్ని ఒళ్ళోకి తీసుకుంటూ. స్టెతస్కోపు పెడితే ఝుమ్మని ఆగకుండా ఒకటే మోత. ఎదురుగా చెరువులో ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి.

"మావయ్యా, వాటిని ఆపించండి. గుండె వినబడట్లేదు."

"మబ్బు పట్టిన పొద్దున ఆపకూడదురా, చేపలకి గాలాడదు."

"రెండు నిమిషాలండీ."

ఆపారు. మోత ఆగలేదు. ఫ్యాను ఆపించాను. ఫ్రిజ్ తీగ పీకించాను. పక్క చెరువాయన్ని కేకేసి ఆయన ఇంజను కూడా ఆపించాను. "ఇంకా ఏదో తిరుగుతోంది మావయ్యా."

"ఇంక మిగిలింది భూమేరా. అదీ ఆపమంటావా?"

అత్తయ్య మాత్రం నెమ్మదిగా అంది: "ఆ గొట్టాన్ని ఓసారి బల్ల మీద పెట్టి వినరా."

విన్నాను. నిశ్శబ్దం. పిల్ల ఛాతీ మీద పెట్టాను. ఝుమ్.

మోత పిల్లలోనే ఉంది. కడుపులో ఉన్నప్పుడు తెరుచుకుని ఉండి, పుట్టగానే మూసుకోవాల్సిన చిన్న రక్తనాళం మూసుకోకపోతే, గుండె దగ్గర యంత్రం తిరిగినట్టు ఆగని మోత వస్తుంది. (పరీక్షలో ఇదే ప్రశ్నకి పదికి పది మార్కులు తెచ్చుకున్నాను.) నేను వివరిస్తుంటే మావయ్య తలూపాడు. "తూము మూయడం మర్చిపోయారన్నమాట." అంతలో చెరువు వైపు చూసి లుంగీ ఎగ్గట్టి పరుగు తీశాడు. నీళ్ళ మీద ఎటు చూసినా చేపల మూతులే, అన్నీ నన్నే ఏదో అడుగుతున్నట్టు. ఏరేటర్లు మళ్ళీ తిరిగాక ఒక్కొక్కటీ కిందికి దిగాయి. ఆ పూట చచ్చింది నా పరువొక్కటే.

పిల్లని మా కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్తే మా గురువుగారు ఆపరేషన్ చేసి ఆ తూము మూశారు. మోత పోయింది గానీ, మావయ్య పెట్టిన 'మోటారు' అన్న పేరు పోలేదు. అది చాలా ఏళ్ళు ఆ గట్టు మీద కొంగల్ని తరిమింది.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. ఏ కుక్కపిల్లని తెచ్చినా ముందు స్టెతస్కోపుని బల్ల మీద పెట్టి వింటాను. నా దగ్గర పని నేర్చుకునే కుర్ర డాక్టర్లు అది చూసి శ్రద్ధగా రాసుకుంటారు. "ఇది పుస్తకంలో లేదు కదండీ, ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగితే, కొల్లేటి దగ్గర ఒక పెద్ద డాక్టరమ్మ ఉండేవారని చెప్తాను.