పసుపు పూసిన కాంక్రీటు ముక్కలు

నాకు కుదురు తక్కువ. ల్యాబులో ఓవెన్ ముందు కూర్చుంటే మరీ తక్కువ.

పటాన్‌చెరు దగ్గర ఒక కాలేజీలో నా ఉద్యోగం. తేలిక కాంక్రీటు ముక్కల గుండా మైక్రోవేవ్ తరంగాలు పంపి, అవి ఎంత నెమ్మదించాయో, ఎంత తగ్గి బయటపడ్డాయో కొలవాలి. దాన్నిబట్టి డైఎలక్ట్రిక్ గుణాలు లెక్కకడతాం. అలాంటి గోడల ఇంట్లో ఫోను సిగ్నలు అందుతుందో లేదో అప్పుడు తెలుస్తుంది. ముక్కకు కాస్త చెమ్మ తగిలినా అంకెలు ఎగిరి కూర్చుంటాయి. అందుకే ముందు వాటిని రోజుల తరబడి ఓవెన్‌లో ఎండబెట్టాలి.

"ఇటుకపెళ్లలు ఎండవెట్టనీకి గింత సదువా?" అని మా అత్తమ్మ నవ్వేది. నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు దసరా సెలవుల తర్వాత ల్యాబు తెరిచిన రోజే పొడి ముక్కల రీడింగులు ఇవ్వాలి. ఇస్తేనే ఉద్యోగం పొడిగిస్తారు. వానొస్తే ల్యాబు కప్పు కారుతుంది. నమ్మలేక, ఎండిన ముక్కల్ని ప్లాస్టిక్ కవర్లలో గట్టిగా చుట్టి, ఇంద్రేశంలో మా ఇంటికి తెచ్చి బీరువా మీద పెట్టాను.

పండుగ పొద్దున పూలకు వెళ్లి వచ్చేసరికి దేవుడి ముందు పనిముట్లన్నీ పూజకు సర్ది ఉన్నాయి. అత్తమ్మ పాత కొడవలి, కాజీపల్లి కంపెనీలో పనిచేసే మా ఆయన నట్లు బిగించే పానాలు, వాటి పక్కన నా కాంక్రీటు ముక్కలు. అత్తమ్మే కవర్లు విప్పి, శుభ్రంగా కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టింది. ఇంకా నీళ్లు కారుతున్నాయి.

"ఏం జేసినవ్ అత్తమ్మా! కడిగినవా?" అని అరిచాను.

"కడగకుంట పూజకెట్ల పెడ్తరు బిడ్డా? వాడు పానాలు వట్టి పని జేస్తడు, నువ్వు గివి వట్టి జేస్తవ్. నీది గూడ పనే గద."

ఆమె మొహంలో ఎగతాళి లేదు. పెళ్లయినప్పటి నుంచీ నేను ఎదురుచూసిన మాట అదే. కోపమూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. పూజ అయ్యేదాకా వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉన్నాను.

ల్యాబు తెరిచాక కొలిస్తే అంకెలు ఎక్కడికో పోయాయి. సంగతి విని మా సారు నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు.

"మళ్లీ ఎండబెట్టండమ్మా. పొడిగింపు మాత్రం నా చేతుల్లో లేదండి" అన్నారు.

ముక్కలు ఎండేలోపే నా ఉద్యోగం అయిపోయింది. వస్తూ వస్తూ ఒక ముక్క సంచీలో వేసుకొచ్చాను, ఎందుకో. జరిగింది అత్తమ్మకు మా ఆయన చెప్పాడు. అప్పటి నుంచీ సంగారెడ్డి దాకా ఇంటర్వ్యూలకు తిరుగుతూనే ఉన్నాను. ఇంట్లో కూర్చుంటే కాళ్లు లాగుతాయి.

మొన్నటి దసరాకు మళ్లీ కొడవలి వచ్చింది, పానాలు వచ్చాయి. పెట్టడానికి నాకేముంది గనక? వంటింట్లోకి తప్పుకున్నాను.

"ఇటు రా బిడ్డా, నీది మరిసిపోతమా?" అని అత్తమ్మ పిలిచింది.

వెళ్లి చూస్తే ఆ ముక్క ఆమె ఒళ్లో ఉంది. నీళ్ల చెంబు దూరంగా జరిపి, పొడి కొంగుతో దాన్ని తుడుస్తోంది.