బయోడేటాకు పదకొండు మార్కులు

ఈ కథలో ఎవరికీ కాలూ చెయ్యీ విరగదు. బస్సు బోల్తా పడదు. పోయేదల్లా నా పరువు ఒక్కటే. అది కూడా ఊరికే పోలేదండీ. మదనపల్లెలో బయలుదేరి, పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా, మడిచిన కవరులో భద్రంగా కూర్చుని, కుప్పం దాకా బస్సులో వెళ్లి మరీ పోయింది. దీన్ని చదివి ఒక్క టీచరైనా ఏప్రిల్ నెలలో ఎర్ర పెన్ను ముట్టే ముందు ముఖం కడుక్కుంటే, పోయిన పరువుకు ఫలితం దక్కినట్టే అనుకుంటాను.

మూడేళ్ల కిందటి మాట. అప్పుడు నేను పుంగనూరు రోడ్డులో ఒక చిన్న ఊరి బడిలో మూడో తరగతి టీచర్ని. మదనపల్లెలో అమ్మా నేనూ అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఇరవై ఏళ్లు టమాటా మండీలో కాయలు ఏరి నన్ను చదివించింది. అమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా నాకు ఉద్యోగం వచ్చిన కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని అరగంట చదివింది.

ఏప్రిల్ టీచరంటే ఏమిటో టీచర్లు కానివారికి కాస్త చెప్పాలి. జూన్‌లో బడికి వెళ్లేది మనిషి. ఏప్రిల్‌లో ఇంటికి తిరిగొచ్చేది ఆ మనిషి కట్టుకున్న చీర మాత్రమే. పొద్దున బడికి వెళ్లగానే హాజరు కోసం ఫోనుకు ముఖం చూపించాలి. ఆ నెలలో నా ఫోను రోజూ "ముఖం సరిపోలలేదు" అనేది. దాని తప్పేముంది, అద్దంలో చూసుకుంటే నాకూ సరిపోలేది కాదు. తర్వాత యాప్‌లో ఎక్కించాల్సిన మధ్యాహ్న భోజనం కోడిగుడ్ల ఫొటో, మరుగుదొడ్ల ఫొటో, మొక్కల ఫొటో. వీటి మధ్యలో ఖాళీ దొరికితే పాఠం. ఆ పైన పరీక్షలు, దిద్దడాలు, మార్కులు ఎక్కించడాలు. పిల్లలకు లేని పరీక్ష బాధ టీచరుకెందుకు అని కొత్త సామెత పుట్టించుకున్నాను గానీ, దాన్ని నాలుగుసార్లు తలుచుకునే ఓపిక కూడా ఉండేది కాదు.

ఒకరోజు బస్సులో సీటు కోసం తోసుకుంటున్న ఇద్దరు పెద్దమనుషుల్ని చూసి, "లైన్లో నిలబడండి, చేతులు కట్టుకోండి" అనేశాను. నిలబడ్డారు. ఒకాయన చేతులు కూడా కట్టుకున్నాడు. నేను దిగేదాకా విప్పలేదు పాపం.

ఆ స్థితిలో ఉండగా గంగులప్ప మామ సంబంధం తెచ్చాడు. మామ అంటే మాకు చుట్టమేమీ కాదు. రిటైరైన బస్సు కండక్టరు. ఉద్యోగం పోయినా అలవాటు పోక, ఖాళీగా ఉన్న అమ్మాయి పక్కన ఖాళీగా ఉన్న అబ్బాయిని కూర్చోబెట్టే పని పెట్టుకున్నాడు.

"పిల్లోడి పేరు మునిరాజు. కుప్పం పక్కన పల్లె. పశువుల ఆస్పత్రిలో పనిచేస్తాండాడు. బంగారం మాదిరి పిల్లోడమ్మా," అని అమ్మ ఫోనులో ఒక ఫొటో పెట్టాడు.

ఆ ఫొటోలో అతను ఒక దూడను ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. అందరూ ఫొటోలో కెమెరాను చూస్తారు కదా. ఇతను దూడను చూస్తున్నాడు. నేను ఆ ఫొటోను రెండుసార్లు చూశాను. సరే, మీ దగ్గర దాపరికమెందుకు, ఆరుసార్లు చూశాను. అతను నాకు నచ్చాడు. బయటికి మాత్రం "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ, పరీక్షలు కానీ" అని ముఖం ముడుచుకున్నాను. ఆ మాట అమ్మ నమ్మినట్టు నటించింది.

గంగులప్ప మామ దగ్గర ఒక పద్ధతి ఉండేది. అబ్బాయి వివరాలు చేత్తో రాసిన కాగితంగానే ఇచ్చేవాడు.

"ఫోన్లో పంపిస్తే సరిపోదా మామా?" అని అడిగాను.

"సెల్లులో అందరి రాతా ఒకే మాదిరి ఉంటాదమ్మా. చేతిరాత సూస్తే మనిషి తెలిసిపోతాడు. ఈ కాగితం తీరిగ్గా సూడండి. సరే అనుకుంటే మూలన ఒక కుంకం బొట్టు దిద్ది నాకియ్యండి. వద్దనుకుంటే బోసిగా ఇయ్యండి. నోటితో సెప్పే పని లేదు, ఎవురి మనసూ నొచ్చుకోదు."

ఇది గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు, అదే నా కొంప ముంచింది.

మరుసటి రోజు శుక్రవారం. ఒంటిపూట బడి ముగించుకుని, మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో చాప మీద కూలబడ్డాను. కరెంటు లేదు. ముందు మూడో తరగతి తెలుగు కాగితాల కట్ట. ఒక ప్రశ్న విడిగా రాయించాను: "మీ గురించి మీరు రాయండి." దానికి ఇరవై మార్కులు. ముప్ఫై ఒక్క మంది పిల్లలు ముప్ఫై ఒక్క రకాలుగా తమ గురించి రాసుకున్నారు. ఒకడు తన గురించి ఒక్క వాక్యం రాసి, వాళ్ల మేకపోతు గురించి పది వాక్యాలు రాశాడు. పదిహేను కాగితాలు అయ్యేసరికి నా కళ్లు సగం మూసుకున్నాయి. పాతిక దాటాక కళ్లు పూర్తిగా మూసుకున్నాయి గానీ చెయ్యి మాత్రం పని ఆపలేదు. ప్రభుత్వ టీచరు చెయ్యి అంత సులభంగా ఆగదు.

ఆ సమయంలోనే అమ్మ, నేను తప్పకుండా చూడాలని, మునిరాజు కాగితాన్ని తెచ్చి కట్ట మీద పెట్టి, పక్కింటికి వెళ్లింది.

సాయంత్రం కరెంటు వచ్చింది. అమ్మా వచ్చింది.

"పాపా, సూసినావా?"

"సూసినామ్మా," అన్నాను గోడకు ఆనుకుని, కళ్లు తెరవకుండానే. "దిద్దేసినాను."

"నిజంగానే దిద్దినావా?"

"అన్నీ సూసే దిద్దినాను. తీసి పక్కన పెట్టు."

 అమ్మ ముక్కు చీదిన శబ్దం వినిపించింది. పేపర్లు దిద్దితే ఏడవడమెందుకా అని ఆలోచించే లోపే నిద్రపోయాను.

తెలుగు భాష మీద నాకు కోపం వచ్చింది జన్మలో ఆ ఒక్కసారే. టీచరు దిద్దినా దిద్దడమే, బొట్టు పెట్టినా దిద్దడమే. రెండింటికీ వేరే మాటలు పెట్టి ఉంటే ఎవరి సొమ్ము పోయేది?

శనివారం బడిలో మార్కులు ఎక్కిస్తున్నాం. మా హెడ్మాస్టరు వెంకటప్ప సార్ ఫోను పట్టుకుని కూర్చున్నారు. ముందురోజు దిద్దుతూ రాసుకున్న జాబితా నేను చదువుతున్నాను.

"మునెమ్మ, పదహారు. మునిరత్నం, పద్నాలుగు. మునిరాజు, పదకొండు."

సార్ కళ్లజోడు పైనుంచి చూశారు. "మునిరాజా? ఈ మునిరాజు యాడోడమ్మా?"

"కుప్పం సార్," అని నా నోరు దానంతట అదే చెప్పేసింది.

"కుప్పం నించి ఈడికొచ్చి మూడో తరగతి సదవతాండాడా? టీసీ తెచ్చినాడా?"

 ముందురోజు మధ్యాహ్నం నేను రాసినవన్నీ వరసగా గుర్తుకు రావడం మొదలుపెట్టాయి.

'వయసు 29' అని అతను రాస్తే, రెండును కొట్టేసి, "అంకెలు చూసి రాయి. 9" అని రాశాను. 'పశువుల ఆస్పత్రిలో ఉద్యోగం' అన్నదాని కింద, "ప్రశ్న సరిగా చదువు. నీ గురించి రాయమంటే నాన్న గురించి రాశావు" అన్నాను. 'అలవాట్లు: ఏమీ లేవు' అన్నదానికి, "ఒక్క మంచి అలవాటైనా ఉండాలి. రోజూ పళ్లు తోముకో" అని సలహా ఇచ్చాను. కుటుంబం అని రాయాల్సిన చోట 'కుడుంబం' అని ఉంది, దాని చుట్టూ సున్నా. 'ఉద్యోగం చేసే వదువు కావలెను' అన్న వాక్యంలో 'ద'కు ఒత్తు పెట్టి, పక్కన "ఈ వయసులో ఇవి అనవసరం" అని రెండు మార్కులు కోశాను. చివర్లో పెద్దగా 11/20. దాని కింద, "తప్పులు పదిసార్లు రాసుకురా. నాన్న సంతకం తీసుకురా."

బయటికి పరుగెత్తి అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, ఆ కాగితం యాడుండాది?"

"పొద్దున్నే గంగులప్పకి ఇచ్చేసినా కదమ్మా. ఒక్క బొట్టు పెట్టమంటే కాగితమంతా ఎర్రగా దిద్దినావే. ఇంత ఇష్టం పెట్టుకోని నాకు సెప్పలేదు సూడు."

గంగులప్ప మామకు చేశాను. వెనక బస్సు హారన్ మోగుతోంది.

"మామా, ఆ కాగితం వాళ్లకియ్యద్దు. ఎనక్కి తెచ్చేయండి."

"వి.కోట దాటినానమ్మా. బొట్టు పెట్టిన కాగితం ఎనక్కి తిప్పితే అశుభం. సిగ్గుపడతాండావు, అంతే," అని పెట్టేశాడు. ముప్ఫై ఏళ్లు టికెట్లు చూసిన మనిషి, ఆ ఒక్క కాగితాన్ని మాత్రం విప్పి చూడలేదు. నేనొకటి దిద్దితే దైవమొకటి దిద్దింది.

ఇంటికొచ్చి అమ్మకు మొత్తం చదివినట్టు చెప్పాను. అమ్మ మంచం మీద కూర్చుండిపోయింది.

"ఇరవై ఏండ్లు మండీలో కాయలేరినా. ఒక్క మచ్చకాయను పెట్టెలోకి పోనియ్యలేదు. నువ్వు ముప్ఫై కాగితాల్లో ఒక్కటి ఏరుకోలేకపోతివే," అంది. మళ్లీ తనే అడిగింది, "ఎన్ని మార్కులేసినావు?"

"ఇరవైకి పదకొండు."

"పాసైనాడు కదా?"

"పాసే."

"అదొక్కటీ మేలు," అని కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకు నవ్వు రాలేదు. ఆ దూడ ఫొటో గుర్తొచ్చి ఏడుపొచ్చింది. నచ్చిన మనిషికి నచ్చాడని చెప్పకపోగా, పళ్లు తోముకోమని చెప్పి పంపించాను.

ఆ వారమంతా కుప్పం వైపు నుంచి ఉలుకూ పలుకూ లేదు. గంగులప్ప మామ ఫోను ఎత్తలేదు. చివరి పనిదినం వచ్చింది, పిల్లలు కేకలు పెడుతూ సెలవుల్లోకి పరుగెత్తారు. నేను మాత్రం ఫోను చూసుకుంటూ వరండాలో కూర్చున్నాను. హాజరు యాప్ ఆ రోజు నా ముఖాన్ని ఐదుసార్లు తిప్పికొట్టింది.

ఆదివారం పదకొండు గంటలకు ముగ్గురు మా ఇంటి ముందు ఆటో దిగారు. ముందు గంగులప్ప మామ, నా వైపు చూడకుండా. వెనక తలపాగా చుట్టిన ఒక పెద్దాయన. ఆయన వెనక, చంకలో దూడ లేదు గానీ, మునిరాజే.

అమ్మ గబగబా కాఫీ పెట్టింది. అందరూ తలలు వంచుకుని గ్లాసులు ఖాళీ చేశారు. చివరికి మునిరాజు సంచిలోంచి ఆ కాగితాన్నీ, దాంతోపాటు ఒక పొడుగు నోటుపుస్తకాన్నీ తీసి నా ముందు పెట్టాడు.

"పదిసార్లు రాసుకొచ్చినాను టీచర్," అన్నాడు. "ఐదో తరగతి దాకా మాది తమిళ మీడియం. ఒత్తులు నోటికొస్తాయి గానీ చేతికి రావు. అన్నీ ఒప్పుకుంటాను. వయసొక్కటి మాత్రం ఒప్పుకోను. తొమ్మిదేండ్లోడికి పెండ్లి చేస్తే పోలీసులొస్తారు."

నేను తల ఎత్తలేదు. "తప్పయిపోయిందండీ. నిద్రలో దిద్దినాను," అన్నాను. 

"తప్పేముందమ్మా," అన్నాడు పెద్దాయన. "నా సంతకం అడిగినావంట. క్వారీలో రాళ్లు కొట్టినోడిని, నాకు సంతకం రాదు. ఏలిముద్ర ఏసినాను. రేఖలు అరిగిపోయినాయి, సరిగ్గా పడలేదు. సాలునా?"

11/20 కింద నీలం రంగులో ఒక మసక మచ్చ ఉంది. అమ్మ దాన్ని చూసి, తన బొటనవేలు చూసుకుని, "మా ఇంట్లో కూడా ఏలిముద్రే అన్నా," అంది. అంతవరకూ బిగుసుకుని ఉన్న అందరం ఒక్కసారిగా తేలికపడ్డాం.

ఏం చేయాలో తెలియక నేను నోటుపుస్తకం తెరిచాను. కుటుంబం, కుటుంబం, కుటుంబం. తొమ్మిది సార్లు చక్కగా రాశాడు. పదోసారి, అలిసిపోయాడో ఏమో, మళ్లీ కుడుంబం.

నా మీద ఒట్టు, నేను ఆపుకోవాలనే చూశాను. కానీ చెయ్యి సంచిలోకి పోయింది, ఎర్ర పెన్ను తీసింది, అందరి ముందూ ఆ 'డు' చుట్టూ సున్నా చుట్టేసింది.

గంగులప్ప మామ తల పట్టుకున్నాడు. మునిరాజు మాత్రం పగలబడి నవ్వాడు. నవ్వి, పాత కాగితాన్ని నా వైపు జరిపాడు.

"ఎట్లాగూ పెన్ను తీసినారు కదా టీచర్. మూలన బోసిగా ఉండాది. ఈ తూరి మేలుకోనే దిద్దండి," అన్నాడు.

నేను మేలుకునే ఉన్నాను. జీవితంలో అంతగా మేలుకుని ఎప్పుడూ లేను. కాగితం మూలన గుండ్రంగా, ఎర్రగా, ఒక చుక్క పెట్టాను.

"టికెట్ కొట్టేసినట్టే," అన్నాడు గంగులప్ప మామ.

ఇప్పుడు ఆ కాగితం మా బీరువాలో పట్టుచీరల కింద ఉంది. ఏటా ఏప్రిల్ రాగానే మునిరాజు కరెంటు బిల్లు, పాల చీటీ, పెళ్లి పత్రికలు అన్నీ ఏరి అటక మీద పెట్టేస్తాడు. పోయిన నెల పొరపాటున ఒక పత్రిక కింద ఉండిపోయింది. దాంట్లో వరుడి పేరుకు దీర్ఘం పెట్టి నేను పద్దెనిమిది మార్కులు వేశాక, ఇక లాభం లేదని ఒక ప్రతిజ్ఞ రాశాను. "భారతి టీచరు అనే నేను, సూర్యచంద్రులు సాక్షిగా, ఏప్రిల్ నెలలో ఇంట్లో ఏ కాగితమూ దిద్దనని, దిద్దిన దానిని అమ్మ చేతికి అందనివ్వనని ప్రమాణం చేస్తున్నాను." దాన్ని బీరువా తలుపుకు అంటించాను.

మర్నాడు బడి నుంచి వచ్చి చూస్తే ప్రతిజ్ఞ కింద ఎర్ర సిరాతో, మునిరాజు చేతిరాతలో, ఒక వాక్యం ఉంది: "అత్తగారి వేలిముద్ర తీసుకురావలెను."

ఎంత వెతికినా ఒక్క తప్పు దొరకలేదు. ఒత్తులన్నీ సరిగ్గా ఉన్నాయి.