ఏడొందల లెక్క

అమెరికాలోని డులూత్‌లో వెర్నా లాహ్టీ ఇరవై రెండేళ్ళు పత్రికలో వంటల శీర్షిక దిద్దింది. పత్రిక మూతపడ్డాక, గ్రంథాలయాలకి సాఫ్ట్‌వేర్ అమ్మే చిన్న కంపెనీలో సూచనలు రాసే ఉద్యోగంలో చేరింది. కంప్యూటర్లంటే భయం లేదు గానీ, అర్థం కాని వాక్యం కనబడితే మాత్రం ఆమెకి అన్నం సయించదు.

చేరిన మూడోరోజే అలాంటి వాక్యం తగిలింది. ‘సర్వర్‌కి మెమరీ అవసరాన్ని బట్టి తగినంత కేటాయించండి. ఉదాహరణ: 700.’

గ్రంథాలయాల నుంచి వచ్చే ఫోన్లు చూసే ప్రోగ్రామర్ గారెట్ దగ్గరికి వెళ్ళి అడిగింది.

“తగినంత అంటే ఎంత?”

“అందరికీ తెలిసిందేగా.”

“మరి అయోవా లైబ్రేరియన్ లొరేన్ ఈ వారం నాలుగుసార్లు ఎందుకు ఫోన్ చేసిందట?”

గారెట్ తల గోక్కున్నాడు. “ఆవిడ ఎనిమిది అని పెట్టింది. గిగాబైట్లనుకుంది. మన ప్రోగ్రాం మెగాబైట్లనుకుని అందులో వెయ్యో వంతే ఇచ్చింది. పాపం, సర్వర్ లేవను కూడా లేవలేదు.”

“మెగాబైట్లని ఎక్కడ రాశారు?”

“రాయలేదు.”

“సరే, 700 తీసేసి సరైన అంకె పెడదాం.”

“అది మాత్రం ముట్టుకోకండి. ఎల్మర్ పెట్టిన అంకె. పద్నాలుగేళ్ళుగా ఎవరూ కదిలించలేదు. ఏదో లోతైన లెక్క ఉండే ఉంటుంది.”

ఎల్మర్ ఆ ప్రోగ్రాం మొదట రాసిన పెద్దాయన. రిటైరై, చలికాలమంతా గడ్డకట్టిన సరస్సు మీద చెక్క గదిలో చేపలు పడుతూ కూర్చుంటాడు. శనివారం వెర్నా బూట్లకి మేకుల పట్టీలు కట్టుకుని, మంచు మీద నడుచుకుంటూ ఆయన తలుపు తట్టింది.

“రా అమ్మాయ్, తలుపు వెయ్యి, వేడి పోతుంది” అన్నాడు ఎల్మర్, మంచులోని కన్నం మీంచి చూపు తిప్పకుండా. “చేపల కోసమా?”

“ఏడొందల కోసం.”

చెప్పిందంతా విన్నాడు. ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది.

“అది రాసిన వారమే బౌలింగ్‌లో, అదే, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే ఆటలో, మూడాటలూ కలిపి ఏడొందలు కొట్టాను. జీవితంలో మళ్ళీ కొట్టలేదు. ఎక్కడైనా రాసిపెట్టుకోవాలనిపించింది.”

“మరి ‘తగినంత’ అని ఎందుకు రాశారు?”

“నాకూ ఎంతో తెలియక.”

వెర్నాకి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆయన చేతికిచ్చిన కాఫీ తాగి, రెండు చేపలు పట్టుకుని ఇంటికెళ్ళింది.

సోమవారం గారెట్‌కి సంగతి చెప్పింది. “మా పెళ్ళి కేటరింగ్ ఆర్డరు కూడా ఆ అంకె నమ్మి ఏడొందల మందికే ఇచ్చాను” అన్నాడు గారెట్.

“ఎంతమందొచ్చారు?”

“తొంభై.”

ఇద్దరూ మూడ్రోజులు కూర్చుని సర్వర్‌కి రకరకాల అంకెలిచ్చి చూశారు. ఏడొందలకి అది కుంటుతోంది, రెండు వేలకి హాయిగా నడుస్తోంది. వెర్నా తిరగరాసింది: ‘ఈ అంకె మెగాబైట్లలో. యాభైమంది లోపు వాడే గ్రంథాలయానికి 2000 అని రాయండి. 2 అని రాయకండి, సర్వర్ లేవదు. ఎక్కువమంది ఉంటే కింది పట్టీ చూడండి.’

పై వారం ఫోను మోగలేదు. గారెట్ రెండుసార్లు ఎత్తి, లైను ఉందో లేదో చూసుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం మోగితే వెర్నా ఎత్తింది. లొరేన్.

“సర్వర్ బాగుంది. మీరు పంపిన కొత్త కాగితం రాసినవారు ఉన్నారా?”

“నేనే” అంది వెర్నా.

“మా గదులు వేడిచేసే బాయిలర్ సూచనల కాగితం ఎవరికీ అర్థం కావట్లేదండీ. పది రోజులుగా చలికోట్లేసుకుని పుస్తకాలిస్తున్నాం.”

“ఫోటో తీసి పంపండి” అని వెర్నా పెన్సిల్ అందుకుంది. “ముందు చెప్పండి, మీటలెన్నున్నాయి, ఏ మీట మీద ఏం రాసుంది?”