బతికున్నవాళ్ల రేటు

లామినేషన్ మిషన్ వేడెక్కేటప్పుడు ఒక వాసన వస్తుంది. కాలీ కాలని ప్లాస్టిక్, దాని వెనక కొంచెం జిగురు. మొన్న సోమవారం ఒక ఫోటో కోసం విడవలూరు బజారులో మా ఎదురింటి స్టూడియోకి వెళ్లాను. ఆ వాసన తగలగానే నా చెయ్యి దానంతటదే చొక్కా జేబులోని పెన్ను మీదకు పోయింది. రసీదు రాయమని కేకేసే రమణమ్మగారు మాత్రం ఇప్పుడు లేరు.

నీటిపారుదల శాఖలో గుమాస్తాగా రిటైరైన కొత్తలో నేను వంటింట్లో డబ్బాలన్నిటికీ చీటీలు అంటించాను. కందిపప్పు ఎప్పుడు కొన్నామో, ఎప్పటికి అయిపోవాలో రాశాను. సాయంత్రం డైరీలో హెచ్చుతగ్గులు నమోదు చేసేవాణ్ణి. మా ఆవిడ కొన్నాళ్లు ఓర్చుకుని, ఒక ఉదయం స్టూడియోకి వెళ్లి, "అక్కా, పగలు మా ఆయన్ని మీ కొట్లో కూర్చోబెట్టుకో. జీతం వద్దు, ఇంటికి పంపకుంటే చాలు" అని అప్పజెప్పి వచ్చింది. ఆ విధంగా అరవై దాటాక నాకు మళ్లీ ఒక పై అధికారి దొరికారు. వయసులో నాకంటే చిన్నావిడ. భర్త పోయాక కెమెరా తానే మెడలో వేసుకుని స్టూడియో నడుపుతున్నారు. ఊరందరికీ రమణక్క, నాకు రమణమ్మగారు.

నా పని కంప్యూటర్లోని ఫోటో ఫైళ్లకు రేటు చెప్పి రసీదు రాయడం. ఆల్బం అంటే జనానికి గౌరవం. చేతిలో బరువు ఉంటుంది, చుట్టాలకు చూపించవచ్చు. ఫైలు కంటికి కనబడేది కాదు. దానికి డబ్బు అడిగితే గాలికి పన్ను వేసినట్టు చూసేవారు. నేను సెల్‌ఫోన్ సైజుకు ఒకటి, గోడకు కట్టే సైజుకు ఒకటి, అసలు ఫైలుకు ఒకటి అని మూడు రేట్లు గీతలు కొట్టి బోర్డు రాసిపెట్టాను. ఎవరూ చదివేవారు కారు. "పెన్‌డ్రైవ్ మాదే గదక్కా, దుడ్లెందుకు?" అనేవారు. ఆవిడ తల ఎత్తకుండానే, "బిందె నీదైతే పాలు ఊరికే పోస్తారా అబ్బయా?" అనేవారు. ఆ ఒక్క మాట నా బోర్డు కంటే బాగా పనిచేసేది.

అంత గట్టి మనిషి ఒక్కచోట మాత్రం పైసా అడిగేవారు కాదు. మనిషి పోయి, దండ వేయడానికి ఫోటో కావాలని ఇంటివాళ్లు వస్తే ఫైలు ఊరికే ఇచ్చేవారు. ఆ మొదట్లోనే ఒకామె భర్త ఫోటో కోసం వచ్చింది. రమణమ్మగారు కంప్యూటర్ ఆమెవైపు తిప్పి, "ఏ ఫోటోలో మీ ఆయన మీ ఆయన మాదిరి ఉండాడు?" అని అడిగారు. ఆమె కోటు వేసుకున్నది వదిలేసి, అన్నం తింటూ నోరంతా తెరిచి నవ్వుతున్నది చూపించింది. నేను రసీదులో ధర గడి దగ్గర సున్నా వేయబోయాను.

"సున్నా వేయొద్దు సార్. సున్నా కూడా ఒక రేటే. ఖాళీగా వదిలేయండి."

ఖాళీ గడి చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆమె వెళ్లిపోయాక, ఇలాంటివారి దగ్గర మరణ ధ్రువీకరణ పత్రం జిరాక్సు తీసుకుంటే పద్ధతిగా ఉంటుందన్నాను. రమణమ్మగారు నన్ను ఎగాదిగా చూశారు.

"కాలవ నీళ్లకి కాగితాలు అడిగి అడిగి రిటైరైనారు. కన్నీళ్లకి గూడా అడగతారా సార్?"

ఆ పద్ధతికి అసలు పరీక్ష మస్తానయ్య రూపంలో వచ్చింది. జువ్వలదిన్నెలో రెండు పడవలున్న మనిషి. కూతురి పెళ్లికి మా స్టూడియోనే పిలిచాడు. పెళ్లిలో అతని అత్త బుజ్జమ్మ ఒక్క ఫోటో కూడా వదల్లేదు. తాళి కట్టేటప్పుడు వధూవరుల మధ్య ఆవిడ తల. తలంబ్రాల్లో ఆవిడ చెయ్యి. రమణమ్మగారు పక్కకు జరగమంటే, "నా మనవరాలి పెండ్లి, నేను యాడికి జరిగేది?" అని ఇంకో అడుగు ముందుకొచ్చేది. చివరికి రమణమ్మగారు కెమెరా వదిలేసి, ఆమె భుజం పట్టుకుని తిట్టి మరీ జరపాల్సి వచ్చింది.

పెళ్లికీ ఆల్బానికీ మస్తానయ్య డబ్బు ఇచ్చేశాడు. ఫైళ్లు వేరుగా కొనాలి. అదే సమయంలో మా పెద్ద కెమెరా మొరాయించింది. నెల్లూరులో బాగుచేయించకపోతే రాబోయే ముహూర్తాలన్నీ చేజారిపోతాయి. ఆ ఖర్చుకు మస్తానయ్య ఫైళ్ల డబ్బు ఒక్కటే మాకు ఆధారం.

"పెండ్లి మాది, మొకాలు మావి. నీకెందుక్కా ఇయ్యాల?" అన్నాడతను.

"సముద్రం దేవుడిది, చేపలు దేవుడివి. నువ్వు వంజరం ఊరికే పంచతుండావా మస్తానయ్యా?"

అతను చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. వారం తర్వాత మాసిన గడ్డంతో, తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. "మా అత్త పోయిందక్కా" అన్నాడు. రమణమ్మగారు కూర్చోబెట్టి సోడా తెప్పించి, ఎప్పటి ప్రశ్నే అడిగారు.

"ఏ ఫోటోలో మీ అత్త మీ అత్త మాదిరి ఉండాది?"

"అన్నిట్లో అక్కా. ఏది తీసినా ఆమే. అన్నీ ఇచ్చేయి."

అతను చెప్పింది అక్షరాలా నిజం. ఆవిడ లేని ఫోటో లేదు కాబట్టి, మా పద్ధతి ప్రకారం పెళ్లి మొత్తం ఉచితం. కెమెరా నెల్లూరు వెళ్లదు. రమణమ్మగారు తెరమీద ఫోటోలన్నీ ఒకసారి తిప్పి చూసి, "రేపు రా అబ్బయా" అన్నారు.

"నమ్మారా?" అని అడిగాను, అతను వీధి మలుపు తిరగ్గానే.

"నాకు తెలీదు సార్. నేనడగను. పోయినోళ్లది ఊరికే. ఉండేవోళ్లది ఊరికే కాదు."

ఆ మధ్యాహ్నమంతా కూర్చుని ప్రతి ఫోటోలోంచీ బుజ్జమ్మను మాత్రమే కత్తిరించి తీశారు. పెళ్లికొడుకు చెవి అంచు, పెళ్లికూతురి జడ కొస తప్ప వేరే ప్రాణి లేదు. మర్నాడు మస్తానయ్య ఏమీ చూసుకోకుండా పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడు. నేను ధర గడి ఖాళీగా వదిలాను.

రెండు రోజులకు స్టూడియో ముందు ఆటో ఆగింది. బుజ్జమ్మ దిగింది. వెనకాల మస్తానయ్య దిగి, గోడమీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

"నేను పోయినానంట గదమ్మా?"

"అట్టనే చెప్పినారు. కూర్చో బుజ్జమ్మా. సోడా తాగతావా?"

"పోయినోళ్లకి ఊరికేనంట గదా, తెప్పీ." సోడా తాగి, అల్లుడి ఫోన్ తెరిచి చూపించింది. "నా పెండ్లికి ఒక్క ఫోటో లేదు తల్లీ. ఇప్పుడు చూడు, ఎన్ని నేనులో! బాగుండాయి. కానీ ఈ పక్కన చెవి ఎవురిది?"

"మీ మనవరాలి మొగుడిది."

"ఆ చెవితో గూడా కావాలంటే?"

"బతికున్నోళ్ల రేటు బోర్డు మీద ఉండాది."

ఆ రోజు నా బోర్డును మొదటిసారి ఒక మనిషి ఆసాంతం చదివింది. తర్వాత అల్లుడివైపు తిరిగింది. "నన్ను చంపి మిగిలించుకున్న దుడ్లు తియ్యి అబ్బయా."

అతను తీశాడు. లెక్కపెట్టి ఇస్తూ, ఊరికే ఇచ్చిన అత్త ముక్కలకు ఏమైనా తగ్గుతుందా అని గొణిగాడు. "అవి ఆమెవి. మళ్లీ పోయినప్పుడు మాత్రం కొత్తగా అడగొద్దు. ముందుగా ఇచ్చినట్టు రాసుకోండి సార్" అన్నారు రమణమ్మగారు. బుజ్జమ్మే అందరికంటే గట్టిగా నవ్వింది.

కెమెరా నెల్లూరు వెళ్లొచ్చింది. నేను ఊరుకోలేక, ఇకముందు రుజువు అడగాలని ఒక దరఖాస్తు నమూనా తయారుచేసి ఆవిడ ముందు పెట్టాను. మొత్తం చదివారు. "రాత ముత్యాల మాదిరి ఉండాది సార్. కానీ ఒకడు అబద్ధమాడినాడని, నిజంగా ఏడ్చేవోళ్లని వాకిట్లో నిలబెట్టమంటారా?" అని తిరిగి ఇచ్చేశారు. ఇప్పుడు నేను పెన్షనర్ల సంఘం కార్యదర్శిని. సభ్యుడెవరైనా పోతే దహన ఖర్చు ముందు ఇంటికి పంపి, కాగితాలు తర్వాత అడుగుతాను. కోశాధికారి నన్ను పద్ధతి లేని మనిషి అంటాడు. నా జీవితంలో ఆ మాట అన్నవాడు అతనొక్కడే.

రమణమ్మగారు కిందటి వేసవిలో పోయారు. స్టూడియో ఇప్పుడు కూతురు శాంతి చూసుకుంటోంది. సోమవారం నేను వెళ్లింది ఆవిడ ఫోటో కోసమే. శాంతి కంప్యూటర్ నావైపు తిప్పింది.

"ఏ దాంట్లో అమ్మ అమ్మ మాదిరి ఉండాది సార్?"

మస్తానయ్య ఇంటి పెళ్లిలో రెండో కెమెరా శాంతిదే. బుజ్జమ్మ భుజం పట్టుకుని, నోరు తెరిచి, కళ్లురిమి ఆవిడను జరుపుతున్న రమణమ్మగారు అందులో దొరికారు.

"ఇందులో అమ్మ తిడతా ఉండాది గద సార్?"

"అందుకే అమ్మా."

డైరీలో పెట్టుకునే సైజులో తీసి లామినేషన్ చేసింది. "ఫైలు ఊరికే. లామినేషన్‌కి మాత్రం ఇయ్యాల సార్" అంటూ రసీదు పుస్తకం నా ముందుకే జరిపింది. లామినేషన్ ధర వేశాను. దాని పై వరుసలో ఫైలు అని రాసి, ధర గడి దగ్గర కాసేపు పెన్ను ఆపాను.

సున్నా వేయలేదు.